ఒడి

మాధవరం లారీ స్టాండులో
టీ కొట్టు గోడకి అంటించిన కాగితం
వానకి సగం ఊడి వేలాడుతోంది.
హెవీ డ్రైవర్లు కావలెను. అనుభవం లేకున్నా సరే. ఫీజు కంపెనీదే.
కింద తెలుగులో ఒక ముక్క:
'నేర్పబడును'లో వత్తు జారిపోయి
'నేరపబడును' అని పడింది.
నేరమేదో ఉందేమోలే అనుకుని
నంబరు అరచేతి మీద రాసుకున్నాను.

నాలుగేళ్ళు రెడ్‌హిల్స్ రైస్ మిల్లులో మూటలు దించాను.
నాయుడుపేట ధాన్యం నా మెడ గీరి లోపలికి పోయేది.
లారీ అంటే నాకు వెనక తలుపే.
ముందు అద్దంలోంచి రోడ్డు ఎలా ఉంటుందో
ఎవరినీ అడగలేదు.

అంతకుముందు మూడు ఆఫీసుల మెట్లెక్కాను.
లైట్ లైసెన్సు తిప్పి తిప్పి చూసి
అనుభవం ఉందా అన్నారు.
బండి ఇస్తే కదా అనుభవం,
అనుభవం ఉంటే కదా బండి.
పిచ్చికీ పెళ్ళికీ ముడిపెట్టినవాడు
ఈ మెట్లే దిగి ఉంటాడు.

ఇక్కడ జెసింత అనే ఆమె ఫ్యాను నా వైపు తిప్పింది.
పదకొండు పేజీల ఇంగ్లీషు నా ముందు పెట్టి
రెండు ముక్కలు తెలుగులో చెప్పింది:
"రెండేళ్ళు ఉండాలి. మధ్యలో పోతే అరవై వేలు."
బండి కంటే ముందు బాండు.
నా టెన్త్ సర్టిఫికెట్ ఇనప బీరువాలోకి వెళ్ళింది.
తాళం చప్పుడు చిన్నదే.

మణలి వెనక ఖాళీ నేల, పాత టైర్లు, సున్నం గీతలు.
ముప్పయ్యేళ్ళ స్టీరింగూ ఒక అరిగిన మోకాలూ ఉన్న
దొరైపాండి మా వాద్యారు.
నలభై అడుగుల ట్రైలరు వెనక్కి నడిపించాలి.
తోక ఎడమకి పోవాలంటే చెయ్యి కుడికి పోవాలి.
నా చెయ్యి ఒప్పుకోదు.
పుట్టినప్పటినుంచీ పోవాలనుకున్న వైపుకే తిరిగిన చెయ్యి అది.

"ఒడి! ఒడి!" అని అరుస్తాడాయన.
అరవంలో, తిప్పమని.
నాకు మాత్రం తెలుగులోనే వినబడుతుంది.
నలుగురి ముందు, చెమటలో, డీజిలు పొగలో
ఎవరో ఒడి, ఒడి అని పిలుస్తుంటే
నవ్వొచ్చి
రెండు టైర్లు గుద్దేశాను.

పెంచలయ్యకి నవ్వు రాలేదు.
మూడో వారం రాత్రి చెప్పులు కూడా వదిలేసి పోయాడు.
హామీ సంతకం అతని బావది.
మర్నాడు ఆ బావ వచ్చి
సున్నం గీతల పక్కన చాలాసేపు నిలబడ్డాడు.
ఎవరూ కుర్చీ వెయ్యలేదు.
నేనూ వెయ్యలేదు.

నలభై మూడో రోజున తోక మాట విన్నది.
ఎలాగో చెప్పలేను.
దొరైపాండి అరవలేదు, బీడీ వెలిగించుకున్నాడు.
అదే నా సర్టిఫికెట్టు,
ఏ బీరువాలోకీ పోనిది.

మొదటి లోడు ఎన్నూరు పోర్టుకి.
గేటుకి రెండు కిలోమీటర్ల ఇవతలే ఆగిపోయాం.
ముందు కంటైనర్లు, వెనక కంటైనర్లు,
గాలిలో ఉప్పు, ఎక్కడో అమ్మోనియా.
వెనక్కి నడపడం నేర్పారు, వాలులో ఆపడం నేర్పారు,
ఊరికే నిలబడడం ఎవరూ నేర్పలేదు.
పదిహేడు గంటలు.
జెసింతకి ఫోన్ చేసి అడిగాను,
కదలని రోజు కూడా రెండేళ్ళ లెక్కలోకి వస్తుందా అని.
వస్తుందట.
అయితే మంచిదే.

తెల్లవారుజామున ఎవరో తలుపు తట్టారు.
వెనక బండి క్లీనర్ కుర్రాడు. సూళ్ళూరుపేట యాస.
"అన్నా, మీ కంపెనీలో డబ్బు తీసుకోకుండా నేర్పిస్తారంట గదా?"

సీటు మీది దుప్పటి పక్కకి తోసి
ఎక్కమన్నాను.
ముందు చూడరా,
ఇంత ఎత్తునుంచి రోడ్డు ఎలా ఉంటుందో.
పదకొండు పేజీల సంగతి
క్యూ కదలకపోతే చెబుతాను.