మూడో గడి

శనివారం మధ్యాహ్నం, బడి వదిలేశాక
మూడో తరగతి గదిలో మా కాంప్లెక్సు మీటింగు.
పిల్లల బెంచీల్లో ఇరుక్కుని పదకొండుమందిమి.
మోకాళ్ళు బల్లలకు తగిలి
ఎవరో ఒకరు అబ్బా అంటూనే ఉన్నారు.

హెడ్మాస్టరు సన్యాసిరావు గారు
జిల్లా ఆఫీసు కాగితం చదివారు:
అభ్యసన అభివృద్ధి ప్రణాళిక, వచ్చే ఏడాదికి.
బడికో కాగితం, కాగితానికి మూడు గడులు.
ఇప్పుడెక్కడున్నాం.
ఎక్కడికి చేరాలి.
ఎలా చేరతాం.

మా బడి మొదటి గడి జూన్‌లోనే నిండింది:
మూడో తరగతిలో నలభై ఒక్కరు,
తడుముకోకుండా ఒక వాక్యం చదివేవాళ్ళు పద్నాలుగు.
రెండోది పైనుంచే అచ్చై వచ్చింది, ఎనభై శాతమని.
మూడోది రెండు వేళ్ళ వెడల్పు.
అక్కడికొచ్చేసరికి
కాగితం మీద జాగా అయిపోయినట్టుంది.

చార్టులు, అన్నాడు ఒకాయన.
వెనకబడ్డవాళ్ళకి వేరే క్లాసు, అంది హైమ.
తల్లిదండ్రుల్లో చైతన్యం, అన్నాడు కోటవీధి బడి మాస్టారు.
పోయినేడూ ఆ మాట ఆయనదే,
పోయినేడూ రాసింది నేనే,
నా దస్తూరీ బాగుంటుందని.

ఉక్కకు కాగితం మెత్తబడి
పెన్ను పెట్టినచోటల్లా సిరా ఊరుతోంది.
తల తిప్పి కిటికీ వైపు చూశాను.

మాది పాతనగరం. పోర్టు గాలి ఇటు తిరిగిందంటే
పొద్దున తుడిచిన బల్ల ఇంటర్వెల్‌కి నల్లబడుతుంది.
కిటికీ కింది అద్దం మీద, ఆ నల్లటి పొడిలో
వేలితో రాసిన పేరు:
ఎల్లాజీ.
ల కింద వత్తు, జ మీద గుడిదీర్ఘం,
ఎక్కడివక్కడ.

అర్జిల్లి ఎల్లాజీ.
రిజిస్టర్లో వాడి పేరు ఎదురుగా
అక్షరాలు రావు అని రాసింది నేను.
జూన్‌లో వాడికి పరీక్ష పెట్టింది నా ఫోను.
నిమిషం గడువు, చివర కీచుమని ఒక చప్పుడు.
వాడు అక్షరాల్ని చూడలేదు.
ఆ చప్పుడు ఎప్పుడొస్తుందా అని
నా చేతిని చూస్తూ నిలబడ్డాడు.
సున్నా నొక్కి
తరవాతి పేరు పిలిచాను.

ఆ ల వత్తు నేను నేర్పింది కాదు.
హార్బర్లో వాళ్ళ చిన్నాన్న బోటు మీద
ఎర్రరంగుతో ఎల్లమ్మ తల్లి అని ఉంటుందట,
తరవాత తెలిసింది.

దుమ్మును పొగడటం లేదు నేను.
మార్గశిర గురువారాలొచ్చేసరికి
సగం క్లాసు దగ్గేది ఈ దుమ్ముకే.
ఆ దగ్గుకు ఏ గడీ లేదు.

"రాశారామ్మా?" అన్నారు సన్యాసిరావు గారు.
రాశాను, పెన్సిలుతో:
సోమవారం దాకా కిటికీ తుడవకూడదు.

ఆయన చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని
"ఇది ఆన్‌లైన్లో ఎక్కదమ్మా" అన్నారు.
నిజమే. అక్కడ జవాబులు ఐదే,
ఏదో ఒకటి నొక్కాలి.
చార్టులు నొక్కాం.

టీ గ్లాసులు ఏరుకుంటూ దాలమ్మ అడిగింది,
"మంగళారం ఇనస్పెక్షనంట, అద్దాలు తుడిసీమంటారా?"
పైవి తుడువు, ఆ కిందది వదిలెయ్ అన్నాను.
"ఏటి, దిష్టికా?" అని నవ్వింది.

సోమవారం ప్రార్థన అయ్యాక చూస్తే
ఎల్లాజీ మీద ఆదివారపు దుమ్ము పడి
సగం మాసిపోయాడు.
కింద ఇంకో పేరు, వేరే వేలిది, సన్నటిది:
నూకరతనం.
అందులో న ని ఎవరో బొటనవేలితో చెరిపేసి
త కింద వత్తుగా దించారు.

ఎవరు దిద్దారని అడగలేదు.
అడిగితే పరీక్షనుకుంటారు.

హాజరు పిలిచాను.
ప్రెజెంట్ మేడం, ప్రెజెంట్ మేడం అని
లేచిన చేతుల్లో ఒకదానికి
బొటనవేలు నల్లగా ఉంది.

ఏ చెయ్యన్నది
ఇక్కడ కూడా రాయను.