ఆరో గుంట, ఏడో గుంట

పెంచలరావు పైథాన్‌లో రాశాడు,
దయాకర్ జూలియాలో,
షంషాద్ ఆర్‌లో.
ముగ్గురూ తలా ఒక ఉద్యోగానికి వెళ్ళిపోయాక
మూడు నోట్‌బుక్కులూ
మైపాడు రోడ్డు రేకుల షెడ్డులో
నా ఒక్కదాని చేతిలో పడ్డాయి.

ఒకటి రొయ్యల గుంటలు పంపే అంకెల్ని జల్లెడ పడుతుంది.
ఒకటి తెల్లారేలోపు నీళ్ళలో
ఊపిరి ఎంత మిగులుతుందో లెక్కేస్తుంది.
ఒకటి ఎవరిని నిద్రలేపాలో చెబుతుంది.
ఒకదాని మాట ఇంకోదానికి తెలియదు.
పదకొండు నెలలు నేనే దుబాసీని.
రాత్రి మూడున్నర, ఫ్లాస్కులో టీ, కాళ్ళకి దోమల మందు.
ఇక్కడి ఫైలు తీసి అక్కడ పెట్టడం,
సెల్లు తర్వాత సెల్లు నొక్కడం,
పక్కనున్న నక్షత్రం
అంకెగా మారేదాకా కళ్ళు పొడుచుకోవడం.

ఇక చాలనుకున్నా.
ఎవరూ నొక్కకుండా, పైనుంచి కిందికి,
మూడూ వాటంతటవే నడిచేట్టు కట్టబోతే
పెంచలరావుది ఐదో సెల్లులోనే కూలబడింది:
ఈ పేరు నాకు తెలియదు, అని.
ఫోను చేశాను. పోర్టులో క్రేన్ల రొదలో నవ్వాడు.
"అదా! పదిహేడోది ముందు నడిపి
మళ్ళీ పైకొచ్చి నాలుగోది నడపాల మేడం."
ఎక్కడ రాశావు?
"రాసేదేంది, నాకు తెలుసు గదా."

అతని తలలోది కాగితం మీదికి లాగడానికి నాలుగు రోజులు.
దయాకర్ తన ఇంటి కంప్యూటరు దారిని
అట్టాగే వదిలేసి పోయాడు, దానికి ఒక పూట.
షంషాద్ మాత్రం ప్రతి సెల్లు మీదా
తేదీ వేసి, ఎందుకో రాసి పెట్టింది.
చదువుతుంటే
ఎవరో వరండా లైటు ఆర్పకుండా వెళ్ళినట్టుంది.

ఒక ముసురు రాత్రి
అంతా గడియారానికి అప్పజెప్పి పడుకున్నాను.

పొద్దున ఆరున్నరకి చెంచయ్య,
మోకాళ్ళ దాకా బురద.
"ఆరో గుంట నాది, బాగుండాదమ్మా.
ఏడోది చస్తా ఉంటే నాకెందుకు కొట్టినావు మెసేజీ?
లైటేసుకోని పోయి చూస్తే
నాయి అడుగునే మేస్తా ఉండాయి.
గట్టవతల రొయ్యంతా అంచుకొచ్చి తేలతా ఉంది.
మాలకొండయ్యని లేపే టైమేది?
నేనే దూకి మోటర్లేసినా."

పైథాన్‌కి మొదటి గుంట సున్నా.
ఆర్‌కి మొదటిది ఒకటి.
ఏడో గుంట ఆరు అనే పేరుతో బయల్దేరి
జూలియా ముంగిట్లోంచి ఎవరూ ఆపకుండా నడిచి
జాబితాలో ఆరో తలుపు తట్టింది.
ఏ భాషా తప్పు మాట్లాడలేదు.
ఇన్నాళ్ళూ ఆ ఒకటిని
ఫైలు మారుస్తూ నా వేళ్ళే కలిపాయి.
అది నేనూ ఎక్కడా రాయలేదు.
నాకు తెలుసు గదా.

ఇప్పుడు రాశాను. ఒకటి కలిపాను.
మాలకొండయ్య నంబరు తన చోటికి చేరింది.
చెంచయ్యది తీయబోయి, ఆగి, అడిగాను.
"ఉండనీమ్మా, ఆ పొద్దు నాకెట్టాగూ మెలకువే" అన్నాడు.

ఏడో గుంట కబురు ఇద్దరికీ పోతుంది.
ఆ సెల్లు పైన, షంషాద్ లాగే,
తేదీ వేసి ఎందుకో రాశాను:
మధ్యలో ఉన్నది ఒక్క గట్టే.