ఒకే వేగం

పొద్దున కాఫీ దగ్గర కెల్విన్‌ని తూర్పారబట్టాను.
నన్నడక్కుండా సంతకం పెట్టాడు, ఈ కొత్త కోతయంత్రానికి.
మేముండే ఇంటికన్నా దీని వెల ఎక్కువ,
మాకు మిగిలిన ఓపికకన్నా దీని వాయిదాలెక్కువ.
అతను రొట్టెకి వెన్న రాసుకున్నాడు
నాలుగు మూలలకీ, పొల్లుపోకుండా.
నోరు మాత్రం విప్పలేదు.

తొమ్మిదింటికి వెన్నుల్లో తేమ దిగింది.
పశ్చిమ ఆస్ట్రేలియా, నవంబరు ఆఖరు,
ఉప్పుచెరువు దాకా గోధుమ, దాని అవతలా గోధుమ.
అతను పైన అద్దాల గదిలో,
పన్నెండు మీటర్ల నోరు తెరిచిన యంత్రం మీద.
నేను పక్కనే ట్రాక్టర్లో,
వెనక ముప్పై టన్నుల తొట్టి లాక్కుంటూ.

మునుం పట్టేది మనుషులు కాదిక్కడ.
ఎక్కడో తిరిగే ఉపగ్రహం గీత గీస్తుంది,
స్టీరింగు తనంతట తనే తిరుగుతుంది,
కెల్విన్ చేతులు ఒళ్లో ఊరికే ఉంటాయి
చర్చిలో ప్రసంగం వింటున్నట్టు.
వాళ్ల నాన్న యంత్రం షెడ్డు వెనక తుప్పుపట్టి ఉంది,
దానికి పైకప్పు కూడా లేదు.
సాయంత్రం ముసలాయన దిగితే
కళ్లు తప్ప మనిషి కనపడేవాడు కాదని అత్తగారు చెప్పేది.
ఇప్పుడు దుమ్ము లేదు. ఏసీ ఉంది, క్రికెట్ వ్యాఖ్యానం ఉంది.
అప్పు ఉంది.

రేడియోలో మేం మాట్లాడుకునే మాటలు
ఏరితే గుప్పెడు.
"నిండింది."
"వస్తున్నా."
"ఇంకాస్త ముందుకి."
"చాలు."
నా తొట్టి మీదికి గొట్టం చాపుతాడు.
ఇద్దరం ఆగం.
గంటకి ఏడు కిలోమీటర్లు, ఒకే వేగం.
నేను రెండడుగులు వెనకబడితే గింజ నేలపాలు,
రెండడుగులు పక్కకి జరిగితే ఇనుము ఇనుముని చీరుతుంది.
ముప్పై నాలుగు కోతలు ఇలాగే గడిచాయి,
ఒకరి మొహం ఒకరు చూడకుండా
ఒకరి వేగం ఒకరు కనిపెట్టుకుంటూ.

ఆ యంత్రం కడుపులో ఏం జరుగుతుందో నాకు తెలుసు.
కోయడం, నూర్చడం, జల్లించడం, తూర్పారబట్టడం,
అన్నీ ఒక్క ఊపిరిలో.
గట్టి గింజ పైకి, పొల్లు వెనక్కి.
పొద్దున నేనన్న మాటల్ని అందులో పోస్తే
ఎన్ని గింజలు మిగిలేవో.
కొన్ని మిగిలేవి. అది మాత్రం నిజం.

రెండింటికి కబురొచ్చింది:
ఉత్తరపు గాలి, నిప్పు భయం, జిల్లా అంతా కోత ఆపమని.
లారీ తోలే ఎస్తోనియా పిల్ల మార్యే
దారి పక్కన నిలిపి నిద్రపోయిందట.
ఇంజిన్లు ఆగాయి.
అప్పుడు వినపడింది, ఎండకి వెన్నులు చిటపటమనడం.

అతను దిగాడు,
ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి.
కనుచూపు మేరలో నీడ ఒక్కటే,
అతని యంత్రం ముందు చక్రానిది, మనిషెత్తుది.
వెళ్లి కూర్చున్నాను.
కోపం పోయి కాదు,
నలభై మూడు డిగ్రీలు కాబట్టి.

ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం చాలాసేపు.
"పాతదానికి నిటారు నిచ్చెన" అన్నాడు.
"నా మోకాళ్లు ఎక్కలేవు లియోనీ.
చెప్పాలంటే నామోషీ వేసింది."
ముందే చెప్పి ఏడవచ్చుగా అన్నాను.
రేపూ అంటాను. అప్పు అప్పే.
అతను జేబులోంచి చారెడు గోధుమలు తీసి
సగం నా చేతిలో పోశాడు.
నమిలాం, జిగురై పళ్లకి అంటుకునేదాకా,
పెళ్లికి ముందు ఇదే కంచె దగ్గర నమిలినట్టు.

ఏడింటికి పడమటి గాలి తిరిగింది.
దీపాలు వేశాం. ఒక కంగారూ వెలుగులోకి వచ్చి,
మమ్మల్ని చూసి, తన దారిన తను పోయింది.
"నిండింది."
"వస్తున్నా."
"కాస్త దగ్గరికి రా."
పొద్దున్నించీ పదహారు సార్లు అన్నాడీ మాట.
గొట్టం కిందికి రమ్మని, అంతే అర్థం.
వచ్చాను.
మొదటి వాయిదా మార్చిలో.