మూడో ప్లేటు

రోజుకి రెండొందల మందికి ఊళ్లు అమ్ముతాను.
బెజవాడ రిజర్వేషన్ ఆఫీసు, ఏడో కిటికీ.
"ఎక్కడికండీ?" అని అడిగి అడిగి
ఆ ఒక్క మాట అరిగిపోయింది,
గీత పడ్డ చోట సూదిలా
నిద్దట్లో కూడా అక్కడక్కడే తిరుగుతుందట.

ఇప్పుడు నన్ను నేనే అడుగుతున్నాను.
నాలుగు రోజుల సెలవు, బోనసులో మిగిలిన ఏడు వేలు.
ఎక్కడికండీ?

పని చిన్నదే.
నాటకం ప్లేట్లు నాలుగు. ఒకటి, రెండు, నాలుగు నా దగ్గరున్నాయి.
తారాపేటలో సైకిళ్ల కొట్టు మూసేస్తూ
పంక్చరు ట్యూబులతో పాటు తూకానికేస్తే తెచ్చుకున్నవి.
రెండో ప్లేటు వెనక వైపు, ఆఖర్న,
రాజు గొంతెత్తుతాడు: "నా తప్పేమిటో చెప్పి మరీ పో!"
రాగం సాగుతూ సాగుతూ ప్లేటు అయిపోతుంది.
నాలుగోది పెడితే
ఆమె అప్పటికే క్షమించేసి ఉంటుంది.
మధ్యలో ఏమందో.

మద్రాసు పొమ్మంటాడు ఖుద్దూస్.
వన్‌టౌన్‌లో గ్రామఫోను స్ప్రింగు మార్చగల ఆఖరి చెయ్యి అతనిది.
"అక్కడే పాడారు, అక్కడే ఉంటుంది."
వండిన ఇంట్లోనే కూర మిగులుతుందా భాయ్,
పెళ్లివారు తిని వెళ్లాక?

హైదరాబాదు పోయినేడు చూశాను.
ఆదివారం ఫుట్‌పాత్ మీద తెలుగు ప్లేటు అడిగితే
కుర్రాడు గోడగడియారం తీసి చూపించాడు,
పద్యం నడుంలోంచి చిన్నముల్లూ పెద్దముల్లూ.
టైం మాత్రం కరెక్టుగానే ఉంది.

బొంబాయిలో ధర చెప్పేముందు చొక్కా చూస్తారట.
నా చొక్కాలన్నీ ఒకే ధర.

ఎనిమిదో కిటికీ దాక్షాయణి నవ్వింది,
"యూట్యూబ్‌లో వెతకలేదా మాస్టారూ?"
వెతికాను. మొదటి ప్లేటు ఉంది.
కింద ఎవరో మూడోది ఉందా అని అడిగారు.
అది నేనే.

అప్పుడొచ్చిందావిడ, ఖరగ్‌పూర్‌కి ఒక టికెట్టు.
ఫారం తెలుగులో నింపింది, గుండ్రటి పాత అక్షరాలు,
"క్రింది బెర్తు దయచేయించవలెను" అని.
అలా ఎవరూ రాయట్లేదండీ ఇప్పుడు, అన్నాను.
"మా రైల్వే లైన్లలో ఇట్లాగే రాస్తాం బాబూ.
ఇక్కడ మీరు మార్చుకున్నారేమో, మాకు కబురు రాలేదు."

నాకక్కడ వెలిగింది.
పాట పుట్టిన ఊళ్లో ఉండదు,
దాన్ని పోగొట్టుకోలేని వాళ్ల ఊళ్లో ఉంటుంది.
కొలిమి పనికి వెళ్లిన వాళ్లు, ఇంజన్లు తుడిచిన వాళ్లు,
భాష బయట దొరకని చోట
ట్రంకుపెట్టెలో చీరల మధ్య దాచుకుని ఉంటారు.
"నాటకం ప్లేట్లేమైనా..." అని మొదలెట్టాను.
వెనక క్యూ అరిచింది. ఆవిడ చిల్లర తీసుకుని వెళ్లిపోయింది.
ఫారం మీద చిరునామా ఉంది.
చూడకూడదు, రూలు.
చూశాను.

డ్యూటీ దిగి, లైన్లో నిలబడి,
ఖరగ్‌పూర్ అని రాసిచ్చాను దాక్షాయణికి.
వెయిటింగ్ లిస్టు ముప్పై ఒకటి.
"మనవాళ్లని కూడా కనికరించదీ మిషను," అంది.

రాత్రి పదైనా మేడ మీద గచ్చు కాలుతూనే ఉంది.
ఈ ఎండకి ప్లేట్లు అప్పడాల్లా వంగుతాయని
తడిగోనె కప్పిన కుండ పక్కన నిలబెడతాను వాటిని.
రెండోది పెట్టాను. రాజు అడిగాడు.
సూది ఎత్తి పట్టుకుని
మూడో ప్లేటంత సేపు ఊరుకున్నాను.
ఏలూరు కాలవ మీద గూడ్సు పోయింది,
కింద వాటాలో ఎవరో గిన్నె జారవిడిచారు,
ఒకావిడ, ఎవరితోనో, "సర్లే, తిను" అంది.
నాలుగోది పెట్టాను.

సంచి సర్దేశాను. తువ్వాలు, సూదుల డబ్బా,
రెండు పాత దుప్పట్లు, ప్లేటుకి చుట్టడానికి.
మూడో నెంబరు ఖాళీ కవరు అడుగున పెట్టాను.
బెర్తు ఖాయమవుతుందో లేదో.
గంటకోసారి చూస్తున్నాను.
ఇరవై తొమ్మిది.