ఉప్పా, మబ్బా

పైనుంచి చూస్తే నౌపడా
దస్తావేజు మీద వైట్నర్ పూసిన చోటులా ఉంటుంది.
టెక్కలి బస్టాండు వెనక మేడమీద గదిలో
నా ఉద్యోగం:
ఉపగ్రహం పంపిన బొమ్మలో
మబ్బున్న చోటల్లా గీత గీసి, దాన్ని తీసేయడం.

మొదటి పద్ధతికి తెలిసింది ఒక్కటే:
మెరిస్తే మబ్బు.
అది ఉప్పుమళ్లని మబ్బంది,
భావనపాడు ఒడ్డున నురగని మబ్బంది,
పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ కొత్త రేకుల్ని కూడా
మబ్బేనని ఒట్టేసింది.
దాని లెక్కన మాకు ఏడాదంతా ముసురే.

రెండోది ఒళ్లు పట్టి చూస్తుంది.
చల్లగా తగిలితే మబ్బు, కాలితే నేల.
ఎండాకాలం దానికి తిరుగులేదు.
పుష్యమాసం పొద్దున్న వంశధార మీద పొగమంచు
నేలంత వెచ్చగా పడుకుని ఉంటే మాత్రం
పలకరించకుండా పక్కనుంచే వెళ్లిపోయింది.

మూడోది పాత బొమ్మని పక్కన పెట్టుకుంటుంది.
కిందటివారం లేనిది ఇవాళ ఉంటే మబ్బు.
కిందటివారం లేని ఉప్పుకుప్పలు
ఇవాళ ఉన్నాయి మరి.
పదిహేను రోజుల చాకిరీని
వచ్చిపోయేదాని ఖాతాలో రాసేసింది.

నాకు నచ్చింది నీడని వెతికేది.
మబ్బు నీడ మబ్బుకి దూరంగా
ఎవరి చేలోనో పడుతుంది.
కుప్ప నీడ కుప్ప కాళ్లదగ్గరే.
అదీ ఓసారి
తంపరలో నల్లటి నీళ్లని నీడనుకుని
దాని తాలూకు మబ్బుకోసం ఆకాశమంతా గాలించింది.

ఇక నేర్చుకునేది.
నేను గీసిన ఆరువేల బొమ్మలు మింగింది.
ఎలా తెలుసంటే చెప్పదు.
వందకి తొంభైఆరు.
తప్పిన నాలుగూ వరసబెట్టి చూస్తే
మధ్యాహ్నం మూడింటికి నేను గీసే గీతల్లాగే ఉన్నాయి.
నా కునుకు కూడా నేర్చుకుంది.

ఓ ఆదివారం గట్టుమీద
సాలిన దాలమ్మకి ఇదంతా చెప్పాను.
"మబ్బుని తీసెత్తావా? నిజఁవేనా?"
కళ్లమీద అడ్డం పెట్టిన చెయ్యి తియ్యకుండానే నవ్వింది.
"అయితే జేష్టంలో ఓపాలి
మా మీదది తీసెయ్యి బావూ."

మే పదకొండు బొమ్మలో
మొదటి పద్ధతి చెప్పింది: మబ్బు సున్నా.
తెల్లగా ఉండాల్సిన చోటల్లా గోధుమరంగు మచ్చలు.
ఆకాశంలో ఒక్క తునక లేకుండానే
కుప్పలన్నిటికీ తాటాకు కప్పేశారు.
పదహారు నాటి బొమ్మంతా తెలుపు.
అయిదు పద్ధతులూ మొదటిసారి ఒక్క మాటమీదున్నాయి.

వాన వెలిశాక వెళ్లి అడిగాను.
గాలి వాసనా? చీమలా? మోకాలి సలుపా?
ఎలా కనిపెట్టావు?
"కనిపెట్టడవేటి?
మేస్త్రీ ఫోన్లో మెసేజొచ్చింది, వోనని."
సగం కరిగిన కుప్పమీద ఆకు సర్దుతూ అంది:
"ఈపాలి నిజఁవైంది.
కిందటిపాలి వోన రానేదని
కప్పిన కూలి కూడా ఇవ్వనేదు."

గదికొచ్చి
గోధుమ మచ్చల చుట్టూ గీత గీశాను.
పట్టికలో ఉన్నవి మూడే:
మబ్బు, నీడ, ఖాళీ.
ఇంకా ఏదీ నొక్కలేదు.