పాయింటు

రాత్రి రెండు ముప్పావు. హోసూరు రోడ్డు వైపు కిటికీ.
హాస్పిటలు వెనకాల నీళ్ల ట్యాంకరు
రివర్సు పాట పాడుకుంటూ సంపు దగ్గరికి జరుగుతోంది.
మేము నలుగురం గంగులప్పను బల్ల మీదికి జరుపుతున్నాం.
పద్దెనిమిది రోజులుగా కళ్లు తెరవని మనిషి
ఇంత బరువుంటాడని ప్రతిసారీ మరిచిపోతాం.

లోహం ఏదీ లోపలికి పోకూడదు.
మొలతాడుకున్న తాయెత్తు కత్తిరించి
అక్కులమ్మ చేతిలో పెట్టాను.
మాది హిందూపురమని తెలిసినప్పటినుంచి
నన్ను నాయనా అంటోంది.
"ఈ మిషను ఏం చూస్తాది నాయనా?"

నెత్తురు ఎంత పడిందో మొదటిరోజే సీటీ చెప్పింది.
ఇది వేరే. తలలో ఏ మూల ఏ మూలతో
ఇంకా మాట్లాడుతోందో చూస్తుంది.
ఆమెకు ఎక్కలేదు. నాకూ మొదట్లో ఎక్కలేదు.

మరిది బిల్లు కాగితాలు మడతపెడుతూ అన్నాడు
మిషను లేదంటే రేపే ఊరికి తీసుకుపోదామని.
ఆమె అతని వైపు చూడకుండా నాతోనే చెప్పింది:
"మా ఆయన బోర్లకు పాయింటు పెట్టేవాడు.
చింతామణి, బాగేపల్లి, ఆ పక్కంతా.
అరచేతిలో టెంకాయ పండుకోబెట్టుకుని నడిస్తే
నీళ్లున్న చోట లేచి నిలబడేది.
తొమ్మిదొందల అడుగులు దించినా దుమ్మే వస్తే
రెండు దినాలు కూడు ముట్టేవాడు కాదు.
నీ మిషనుకు ఎన్ని తప్పుతాయి?"

నలభై నిమిషాలు.
గొట్టంలో దడదడ, అచ్చం రాయి తగిలిన డ్రిల్లు.
మైకులో నేను:
గంగులప్పా, టెంకాయ పట్టుకున్నట్టు అనుకో.
పిడికిలి ముయ్యి. ఇప్పుడు తెరువు. ముయ్యి.
కాగితంలో రాసుంది బంతి అని.
టెంకాయ నా సొంతం.
చెయ్యి కదల్లేదు.
తెర మీద నల్లటి మరకకు ఎడంగా
బియ్యపుగింజంత వెలుగు,
నేను ముయ్యి అన్నప్పుడు కాదు,
అన్న కాసేపటికి.
మనిషో, మిషను తడబాటో,
నా జీతానికి ఆ మాట చెప్పే హక్కు లేదు.

పొద్దున్న ఉడుప డాక్టరమ్మ బొమ్మలన్నీ తిరగేసి
కన్నడంలో మెల్లగా చెప్పింది.
దారులు కొన్ని తెగాయి, కొన్ని తెగలేదు.
సగం కన్నా తక్కువ,
సున్నా కన్నా ఎక్కువ.
ఇంతకు మించి ఈ బొమ్మ చెప్పదు,
చెప్పిందని ఎవరన్నా నమ్మకండి.

మరిది గోడ వైపు తిరిగాడు.
అక్కులమ్మ నీళ్లు పడతాయా అని అడగలేదు.
"ఎన్ని అడుగులు?" అంది.

డాక్టరమ్మ తర్జుమా కోసం నా మొహం చూసింది.
అడుగుల్ని నెలలు చేసి అడిగాను.
జవాబు మాత్రం ఏమీ మార్చకుండా ఇచ్చాను:
తెలీదు. దించుతా పోవాల.

మధ్యాహ్నం ఐసీయూ మీదుగా పోతూ చూశాను.
తాయెత్తు సెలైను స్టాండుకు కట్టుంది,
తెగిన మొలతాడుకు
మూడు ముళ్లు వేసి.