అరవై ఒకటో పేజీ

ఐలోనీ,
నువ్వడిగిన పుస్తకం ఇదే.
చౌరస్తా కాడ పాత పుస్తకాల యాకూబ్
కిలోల లెక్కన తూకమేసి ఇచ్చిండు.
పొద్దంతా ఎనుమాముల యార్డుల
మిర్చి లారీలు తూచేదాన్ని,
నాకే తూకమా అని నవ్విన.
ముల్లు నూట డెబ్బై గ్రాములు ఎక్కువ చూపింది.
ఊకున్న.

అట్ట మీద పేరు చెదలు తిన్నది.
లెక్కల పుస్తకమే, కానీ బడిది కాదు.
శనివారం రాత్రి తెరువకు,
కండ్లల్ల ఘాటు ఇంకా ఉంటది.
ఆదివారం తెల్లారి, నల్లా వచ్చిపోయినంక,
చాయ్ ఒక దిక్కు, పెన్సిలు ఒక దిక్కు.
నవల లెక్క ఉరుకకు.
ఒక్క పూటల మూడు పేజీలు దాటినవంటే
ఎనకకు పో, ఏదో వదిలేసినవ్.

నీకంటే ముందు చదివినోళ్లు
అంచుల పొంట ఉన్నరు.
ఒకాయన పేజీ పేజీకి తప్పు పట్టిండు,
ఎక్కువసార్లు ఆయనదే తప్పు.
ఒకామె (చేతిరాతను బట్టి ఆమె అనుకుంటున్న)
ముప్పై నాలుగు కాడ పాల బాకీ రాసుకున్నది.
అరవై ఒకటి కాడ అందరు ఆగిండ్రు.
"ఇక్కడికెల్లి సమజ్ కాలె" అని నీలం సిరా.
దాని కింద "నాగ్గూడ" అని ఎర్ర సిరా.
నేను సుత మూడు ఆదివారాలు అక్కడనే కూసున్న.

అక్కడున్నది ఇంతే:
ఒకటి, మూడు, అయిదు, ఏడు
బేసి సంఖ్యలు వరుసగ కలుపుకుంట పో,
ఎక్కడ ఆగినా వర్గమే.
నాలుగు. తొమ్మిది. పదహారు.
వస్తది, సరే.
ఎందుకొస్తది?

నాలుగో సోమవారం
హమాలీ కొంరెల్లి బస్తాలు పేరుస్తుండు.
ఒక బస్తా.
దానికి ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి,
మూల బోసిగున్నదని మూలకొకటి.
మళ్ల ఈ పక్క రెండు, ఆ పక్క రెండు,
మూలకొకటి.
కాంటా చీటీ మీద సంతకం మరిచిపోయిన.
ఎనుక లారీ హారన్ కొట్టవట్టె.
కొంరెల్లీ, గిది ఎవరు నేర్పిండ్రయ్యా అంటే
"నేర్పుడేంది, సదురుకోవాలె గద" అన్నడు.

ఆ రాత్రి ఎర్ర సిరా కింద
చిన్నగ రాసిన: మూల చూడుండ్రి.

అయ్యో, నీకు చెప్పేసిన.
ఏంగాదు, ఎనభై ఎనిమిదో పేజీ ఉన్నది.
అది నాకింకా రాలె.
జవాబుల కాయితాలు ఎవరో చింపిండ్రు,
ఏ బజ్జీల బండికి పోయినయో.
నీకొస్తే ఫోన్ చేయకు,
అంచున రాయకు.
సోమవారం కాజీపేట బస్సు దిగి
నువ్వు గేటు దాటుతుంటే
నీ మొఖం చూస్త.